అంచు లేని చిల్లులు

బుధవారం సాయంత్రం నాన్న కాగితాలు పొయ్యిలో పెట్టి కాల్చడం చూశాను. మా ఇంట్లో ఆ కాగితాలను ఎవరూ కాల్చరు.

అవి క్యాంపు కాగితాలు. మా తునికిమెట్టకు రెండు కిలోమీటర్ల దూరంలో, ములకలపల్లి రోడ్డు దిగి లోపలికి వెళ్తే, గుట్ట కింద జవాన్లు తుపాకులు కాల్చడం నేర్చుకునే రేంజి ఉంది. అక్కడ నాన్నకు రోజుకూలి పని. గుళ్ళు వచ్చి దిగే పెద్ద మట్టికట్టను జవాన్లు బట్టు అంటారు. బట్టు ముందు లోతుగా తవ్విన కందకంలో కూర్చుని నాన్న చెక్క చట్రాలకు కాగితాలు అంటించి పైకి లేపుతాడు. కాల్పులు ఆగాక, ఏ గుండు ఎక్కడ తగిలిందో పొడుగాటి కర్రతో చూపిస్తాడు. తర్వాత చట్రం దించి, ఆ చిల్లుల మీద మైదా జిగురుతో తెల్ల ముక్కలు అంటించి మళ్ళీ లేపుతాడు. అతుకులు ఎక్కువై పనికిరాని కాగితాలను ఇంటికి తీసుకుపొమ్మని అక్కడి ఉస్తాద్ చెప్పాడు. కాల్చడం నేర్పే సారును వాళ్ళు ఉస్తాద్ అంటారు.

ఆ కాగితాల వెనుకవైపు తెల్లగా ఉంటుంది. నేను వాటిని కోసి, దారంతో కుట్టుకుని లెక్కలు చేసుకుంటాను. డైరీ కూడా వాటి మీదే రాస్తాను. చిల్లు వచ్చిన చోట మాటను పక్కకు జరిపి రాయడం నాకు అలవాటు.

"ఏంది నాన్న, కాలుస్తున్నవ్?" అని అడిగాను.

నాన్న ఉలిక్కిపడ్డాడు. "పాడైనయ్ బిడ్డా. జిగురు కారి అంతా ఖరాబైంది."

పొయ్యిలో ఇంకా అంటుకోని మూల ఒకటి కనిపిస్తోంది. దాని మీద జిగురు కారలేదు. శుభ్రంగా ఉంది. నేను ఇంకేమీ అనలేదు. నాకు ఎవరినీ రెండో మాట అడగడం రాదు. ఒకసారి అడిగి, మిగతాది కాగితం మీద రాసుకుంటాను.

అమ్మ తల్లాడ దగ్గర మిరప కోతకు వెళ్ళి మూడు వారాలైంది. ఇంట్లో నేను, నాన్న, నాయనమ్మ. నాన్నకు కంచంలో అన్నం పెడుతుంటే ఆయన చేతివేళ్ళ చివర మసి కనిపించింది. ఆ మసిని చూస్తూ పొద్దున జంపక్క అన్న మాటలు గుర్తు చేసుకున్నాను.

జంపక్క మా పక్కింటి కోయ ఆమె. ఇప్పపువ్వు ఎండబెట్టుకోవడానికి మా చాప అడగడానికి వచ్చింది. వచ్చినామె చాప తీసుకుని వెళ్ళక గుమ్మంలో కూర్చుంది.

"విశ్రాంతమ్మత్తా, ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. మీ జోయెల్ ఎటు మనిషి?"

"ఎటేంది?" అంది నాయనమ్మ.

"పొద్దంత క్యాంపుల ఉంటడు. మాపటికి వచ్చి మాతోని కూసుంటడు. ఇటోళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలె, అటోళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలె? ఊరోళ్ళు అనుకుంటున్నరు."

"ప్రభువు మనిషి అని చెప్పు పో."

"ఆ ప్రభువుకు తుపాకి లేదు గదత్తా. ఎవడు భయపడ్తడు?" అని జంపక్క పకపకా నవ్వి, చాప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాయనమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. క్యాంపువాళ్ళను మా ఊళ్ళో ఇటోళ్ళు అంటారు, తుపాకులు పట్టి అడవిలో ఉన్నవాళ్ళను అటోళ్ళు అంటారు. ఇప్పుడు వాళ్ళు బాగా తగ్గిపోయారని టీవీలో చెబుతారు. కానీ తగ్గిపోయినవాళ్ళను గురించి కూడా మా ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి మాట్లాడరు. క్యాంపులో ఏడుగురు గురిగాళ్ళు శనివారం పొద్దున అవతలి రాష్ట్రం అడవికి డ్యూటీ మీద వెళ్తున్నారు. వాళ్ళ తుపాకుల మీద దుర్బిణులుంటాయి, వాటినే స్కోపులంటారు. ఆ ఏడుగురి కాగితాలూ వారం రోజులుగా నాన్న చేతుల మీదుగానే పోతున్నాయి. అందులో కొన్నిటిని నాన్న కాలుస్తున్నాడు. ఎందుకు?

ఆ రాత్రి నేను డైరీలో ఒకే వాక్యం రాశాను. రాసి, కొట్టేశాను.

నాన్నకు మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళేది నేనే. పరీక్షలకని మాకు సెలవులిచ్చారు. రేంజి దగ్గర ఎర్రజెండా లేచి ఉంటే కాల్పులు జరుగుతున్నట్టు. జెండా దించేదాకా నీళ్ళ ట్యాంకరు పక్కన నిలబడాలి. ముందు రోజు, మంగళవారం, అలా నిలబడినప్పుడు జెండా దించకుండానే కాసేపు కాల్పులు ఆపి, కాల్చేవాళ్ళు అందరూ ట్యాంకరు నీడలో కూర్చుని ఉన్నారు. ఉస్తాద్ వాళ్ళకు చెబుతున్నాడు. ఆయన పేరు జయప్రకాశ్. విజయనగరం వైపు మనిషి. సగం హిందీలో, సగం తెలుగులో చెబుతాడు.

"ఇది మార్కుల పరీక్ష కాదర్రా. మీ గొప్ప చూడ్డానికి కాదు. జీరోయింగ్ అంటే గన్ను, దాని కన్ను ఒకే చోటు చూస్తున్నాయా లేదా అని తేల్చుకోవడం. అయిదు గుళ్ళూ ఒక్క దగ్గర పడ్డాయనుకో, అది మధ్యలో పడకపోయినా నాకు బాధ లేదు. స్కోపు మీద ఈ మరను టిక్ టిక్ మని తిప్పి మధ్యకు తెచ్చేస్తాను. కానీ చెల్లాచెదురుగా పడ్డాయా, అప్పుడు నాకు భయం. మనిషిలోనన్నా తప్పుండాలి, గన్నులోనన్నా ఉండాలి. కాగితం అబద్ధం చెప్పదు. అందుకే కాగితం చూసి తిప్పుతాను."

నాన్న అప్పుడు అక్కడ లేడు. మూడు వందల మీటర్ల అవతల కందకంలో ఉన్నాడు. తర్వాత జెండా దించారు. నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి ట్యాంకరు దగ్గర అన్నానికి కూర్చున్నాడు.

అప్పుడు ఉదయ్ భాస్కర్ వచ్చాడు. ఏడుగురిలో తెలుగువాడు అతనొక్కడే. తల్లాడ పక్క ఊరు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నారట. నాన్న పెళ్ళికి ముందు నాలుగేళ్ళు వాళ్ళింట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. ఇక్కడ మాత్రం అతను నాన్నను బాబాయ్ అంటాడు. అలా పిలిచినప్పుడల్లా నాన్న మొహం వెలుగుతుంది. వాళ్ళ ఊళ్ళో అయితే పేరు పెట్టి పిలిచేవాడేమోనని నాకు అనిపిస్తుంది.

"జోయెల్ బాబాయ్, ఏం కూర?"

"దోసకాయ పప్పు బాబు. తింటవా?"

"మెస్సులో ఆలూ తిని తిని నాలిక చచ్చింది. పెట్టు." నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు. తింటూ అన్నాడు, "బాబాయ్, నా కాగితం మీద కొంచెం దయ ఉంచు. పొద్దున్నించి నా గుళ్ళు తలో దిక్కుకీ పోతున్నాయి. టీంలోంచి తీసేశారంటే మా ఊళ్ళో తలెత్తుకోలేను. మా నాన్న అప్పుడే అందరికీ చెప్పేశాడు."

"నువ్వు సక్కగ కొట్టు బాబు. కాగితం సంగతి నేను చూసుకుంట."

ఇద్దరూ నవ్వారు. పక్కనున్న జవాను కూడా నవ్వాడు. నేను క్యారియర్ గిన్నెలు సర్దుకుని వచ్చేశాను. ఆ మాటలో అనుమానించడానికి ఏమీ లేదు.

గురువారం మధ్యాహ్నం వెళ్ళేసరికి జెండా దించి ఉంది. కానీ ఎవరూ నీడలో కూర్చోలేదు. ఉస్తాద్ ఒక కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని పక్కన ఇంకో కాగితం పెట్టి వంగి చూస్తున్నాడు. ఉదయ్ భాస్కర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది నిన్నటిది. గుళ్ళన్నీ ఎడమ పక్కకు పడ్డాయి. నేను ఆరు క్లిక్కులు కుడికి తిప్పాను. మూడు వందల మీటర్ల దగ్గర ఆరు క్లిక్కులంటే అరచేయి వెడల్పు జరగాలి. ఇవాళ్టిది చూడు. ఎక్కడ పడ్డాయి?"

"అక్కడే ఉస్తాద్."

"అక్కడే. నేను తిప్పినా, తిప్పకపోయినా అక్కడే. గన్నుకి నా మీద కోపమా?"

ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ తలెత్తి కందకం వైపు చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు జోయెల్ కూతురివి కదూ? ఇలా రా అమ్మా. పేరేంటి?"

"ఫ్లోరెన్స్."

"ఏం చదువుతున్నావు?"

"ఇంటర్."

"మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు? చుట్టాలు కాక, కొత్తవాళ్ళు?"

ఎవరూ రారు. ఆ మాటే చెప్పాలి. కానీ నా గొంతులోంచి శబ్దం రాలేదు. నేను కింద మట్టిని చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇంకోసారి అడిగాడు. నేను ఇంకా కిందికి చూశాను. నాకు సిగ్గు ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయనకు తెలియదు కదా. ఏదో దాస్తున్నాననే అనుకుని ఉంటాడు.

"సరే. వెళ్ళు," అన్నాడు.

నాన్న ఆ రోజు సగం అన్నం వదిలేశాడు. "ఏమన్నడు ఉస్తాదు?" అని అడిగాడు.

"ఇంటికి ఎవరొస్తరని అడిగిండు."

నాన్న నీళ్ళు తాగాడు. మళ్ళీ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది.

సాయంత్రం నాన్న వచ్చి స్నానానికి వెళ్ళాడు. ఆయన విప్పిన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో బరువుగా ఏదో తగిలింది. అయిదంగుళాల మేకు. దాని మొనకు ఎండిపోయిన జిగురు, సన్నటి కాగితం పీచు అంటుకుని ఉన్నాయి. చట్రాలకు కాగితాన్ని జిగురుతో అంటిస్తారు. మేకుతో పనేముంది?

సంచిలో చూశాను. మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. పొయ్యిలోకి పోవలసినదే అయి ఉంటుంది. దాన్ని వెనుక దొడ్లోకి తీసుకెళ్ళి వెలుతురుకు పెట్టి చూశాను.

నేను రెండేళ్ళుగా ఆ కాగితాల మీద రాస్తున్నాను. గుండు చేసిన చిల్లు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. దాని చుట్టూ సన్నగా బూడిదరంగు అంచు ఉంటుంది, కాటుక వేలితో తుడిచినట్టు. వేలుపెట్టి రుద్దితే నల్లగా అంటుతుంది. ఈ కాగితం మీద ఒకే చోట అయిదు చిల్లులున్నాయి. రెండింటికి అంచు ఉంది. మూడింటికి లేదు. ఆ మూడూ శుభ్రంగా ఉన్నాయి. మేకును పెట్టి చూశాను. సరిగ్గా పట్టింది.

దూరంగా, కాగితం మూలల్లో కొత్తగా అంటించిన తెల్ల ముక్కలు మూడున్నాయి. ఒకదాన్ని గోటితో లేపాను. దాని కింద చిల్లు. చుట్టూ బూడిదరంగు అంచు.

అంటే నిజమైన గుళ్ళు తలో దిక్కుకీ పోయాయి. నాన్న వాటిని మూసేసి, మేకుతో రోజూ ఒకే చోట పొడిచాడు. ఉస్తాద్ ఆ దొంగ చిల్లులను చూసి మరలు తిప్పుతున్నాడు. ఆ తుపాకీ ఎల్లుండి అడవికి పోతుంది.

జంపక్క అడిగిన ప్రశ్నకు జవాబు నా చేతిలోనే ఉందనిపించింది. మా నాన్న అటోళ్ళ మనిషి. తుపాకులు గురి తప్పేలా చేస్తున్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుని పాడే మా నాన్న!

నాన్న తల తుడుచుకుంటూ దొడ్లోకి వచ్చాడు. నా చేతిలో కాగితం చూశాడు. మేకు చూశాడు. వెంటనే వెనక్కి తిరిగి నాయనమ్మ ఎక్కడుందో చూశాడు. ఆమె వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"ఎవలు చెప్పిన్రు నాన్న, గిట్ల జెయ్యమని?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎవలేంది?"

"అటోళ్ళా?"

నాన్న వచ్చి కట్టెల మోపు మీద కూలబడ్డాడు.

"పిచ్చిదానా. నువ్వు గట్లనుకున్నవా? ఉదయ్ బాబు కోసం చేసిన. ఆ పిల్లగాడిని నేను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన. వాళ్ళమ్మ సీతారావమ్మగారు నాకు జ్వరమొస్తే జావ కాసిచ్చింది. గుళ్ళు అటోటి ఇటోటి పడుతున్నయ్. తీసేస్తరని ఏడుపు మొహం పెట్టిండు. పోయినేడు జవాన్లకు మార్కుల పరీక్ష అయింది గద, అప్పుడు అందరూ నవ్వుకుంట అడిగేటోళ్ళు, జోయెల్ భాయ్, ఒక గుండు ఎక్కువ చూపియ్యి అని. నేను కర్రను కొంచెం ఇటు జరిపి చూపించేటోణ్ణి. ఎవలకు ఏమైంది? ఇదీ గంతే గద. మీ సార్లు పాస్ మార్కులు కలపరా?"

"ఇది పరీక్ష కాదు నాన్న."

"మరేంది?"

"పరీక్ష మనిషికి కాదు. తుపాకీకి. అది సక్కగ ఉందా లేదా అని చూస్తున్నరు. గుళ్ళు అటిటు పోతున్నయంటే తుపాకీల ఏదో తప్పుంది. నువ్వు దాన్ని దాచినవ్. ఉస్తాద్ నీ చిల్లులు చూసి మర తిప్పుతుండు."

నాన్న గుండెల మీద నీళ్ళు ఆరిపోయాయి.

"అంటే దవాఖానల జ్వరం చూసే కాగితం మీద నేను దొంగ అంకె రాసినట్టా?"

"అవ్."

"ఆ పిల్లగాడు దాన్ని పట్టుకుని అడవిలకు పోతడు."

"అవ్ నాన్న. అది ఎటు కొడుతదో ఆయనకు తెలువదు. అడవిల జంపక్కోళ్ళ చుట్టాలు పశువులు మేపుతరు. వాళ్ళకు తగలొచ్చు. ఆయననే ఎవరన్న కొట్టొచ్చు."

"నాకేం తెలుసు బిడ్డా. నాకెవలు చెప్పిన్రు?"

"రేపు పొద్దున్నే చెప్పు."

నాన్న లేచి నిలబడ్డాడు. "చెబితే ఇడిచిపెడ్తరా? సొంత బిడ్డవు, నువ్వే నమ్మలే. నువ్వే అటోళ్ళా అని అడిగినవ్. వాళ్ళు నమ్ముతరా? నన్ను లోపలేస్తే మళ్ళ బయటికి ఎవలు తెస్తరు? మీ అమ్మ కూడా ఊళ్ళె లేదాయె." కాగితం నా చేతిలోంచి లాక్కోబోయాడు. నేను వెనక్కి దాచుకున్నాను. ఆయన లాక్కోలేదు.

శుక్రవారం పొద్దున నాన్న చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. వెళ్ళిపోయాడు. ఆయన చెబుతాడని నేను నమ్మలేదు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పలేదు. మధ్యాహ్నం క్యారియర్ అడుగున కాగితాన్ని మడిచి పెట్టుకుని బయలుదేరాను. మేకును మాత్రం ఇంట్లోనే వదిలేశాను. ఎందుకో అది చేతిలో ఉంటే నేనే నేరం చేసినదానిలా కనిపిస్తాననిపించింది.

రేంజి దగ్గర జెండా దించి ఉంది. నాన్న ఇంకా కందకంలోనే ఉన్నాడు. ఉస్తాద్ బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నాడు. ఆయన మొహం చూస్తే నాన్న ఏమీ చెప్పలేదని తెలిసిపోయింది.

నేను వెళ్ళి కాగితాన్ని బల్ల మీద పెట్టాను.

"ఏంటమ్మా ఇది?"

వేలుపెట్టి అంచు ఉన్న చిల్లు చూపించాను. ఆ వేలును నా అరచేతి మీద రుద్దాను. నల్ల గీత పడింది. అంచు లేని చిల్లు చూపించాను. రుద్దాను. ఏమీ పడలేదు.

ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. మూల నేను లేపిన అతుకును ఆయన పూర్తిగా పీకేశాడు. మిగతా రెండూ పీకాడు.

"ఉదయ్, గన్ను తే."

ఉదయ్ భాస్కర్ తుపాకీ తెచ్చాడు. ఉస్తాద్ దాని మీది స్కోపును పిడికిట్లో పట్టుకుని గట్టిగా అటూ ఇటూ తిప్పాడు. అది కదిలింది. వెంట్రుక వాసి. నాకు కనిపించలేదు గానీ, టక్ అని చిన్న శబ్దం వినిపించింది.

"బిగించిన స్క్రూ మర పోయింది. వంద మీటర్ల దగ్గర నేను బిగించినప్పుడు సరిగ్గానే ఉంది. కాలుస్తున్న కొద్దీ వదులైంది. మూడు రోజులుగా వదులైంది. నాకు తెలియలేదు." ఆయన గొంతు చిన్నగా ఉంది. తర్వాత వాకీటాకీలో పెద్దగా అన్నాడు, "జోయెల్‌ను పంపండి."

నాన్న కందకంలోంచి పైకి వచ్చాడు. మూడు వందల మీటర్లు ఖాళీ నేల. చెట్టు లేదు, నీడ లేదు. అందరూ చూస్తుండగా ఆయన నడిచి వచ్చాడు. సగం దూరం వచ్చాక నన్ను చూశాడు. ఆగలేదు.

"ఎవరు చెయ్యమన్నారు?" అన్నాడు ఉస్తాద్.

"ఎవలు చెప్పలేదు సార్. ఉదయ్ బాబు మీద పావురంతోని, ప్రేమతోని చేసిన."

"ఎవరొచ్చి కలిశారు నిన్ను?"

"ఎవలు రాలె సార్."

"ఉట్టినే చేశావా? ఇంత పని ఉట్టినే?"

"పరీక్ష అనుకున్న సార్. ఫెయిలైతడని…"

ఉస్తాద్ నమ్మలేదు. అది ఆయన కళ్ళలో కనిపిస్తోంది. నిన్న సాయంత్రం నా కళ్ళు కూడా అలాగే ఉండి ఉంటాయి. ఆయన ఉదయ్ భాస్కర్ వైపు తిరిగాడు. "నువ్వేమైనా అడిగావా ఇతన్ని?"

"లేదు ఉస్తాద్. నేనేం అడగలేదు." అతను వెంటనే అన్నాడు. నాన్నను చూడకుండా అన్నాడు.

నాన్న తల వంచుకున్నాడు. ఆ మాటను ఆయన తిప్పికొట్టలేదు. వాళ్ళింట్లో జీతం ఉన్నప్పుడు కూడా ఆయన ఇలాగే తల వంచుకుని నిలబడి ఉంటాడు. ఉస్తాద్ చెయ్యి ఫోను మీదికి పోయింది. ఆ ఫోను చేస్తే ఎవరు వస్తారో నాకు తెలియదు. నాన్న ఎక్కడికి పోతాడో తెలియదు.

"మీరన్నరు," అన్నాను.

అందరూ నా వైపు చూశారు.

"మంగళవారం. గీ ట్యాంకరు కాడ. దోసకాయ పప్పు తినుకుంట అన్నరు. నా కాగితం మీద దయ ఉంచు బాబాయ్ అన్నరు. తీసేస్తే ఊళ్ళె తలెత్తుకోలేనన్నరు." వేలుపెట్టి పక్కనున్న జవానును చూపించాను. "ఈ అన్న కూడ నవ్విండు."

ఆ జవానుకు తెలుగు రాదు. అయినా నా వేలు చూసి మంగళవారం సంగతి అర్థమైనట్టుంది. ఉదయ్ భాస్కర్ వైపు చూసి ఏదో హిందీలో గొణిగాడు.

ఉదయ్ భాస్కర్ మొహం ఎర్రబడింది. "నవ్వులాటకన్నాను ఉస్తాద్," అన్నాడు చివరికి. "నిజంగా చేస్తాడనుకోలేదు. దేవుడి తోడు."

"నవ్వులాటకు!" అన్నాడు ఉస్తాద్. ఫోను కింద పెట్టాడు. పెట్టి, నాన్నను అడిగాడు, "ఇంకెవరి కాగితాలు మార్చావు?"

"ఒక్క ఉదయ్ బాబువే సార్. బైబిలు మీద ప్రమాణం."

"బైబిలు వద్దు. గన్నులే చెబుతాయి."

మిగతా ఆరు తుపాకులూ మళ్ళీ కాల్చి చూస్తామన్నాడు. కందకంలోకి ఇద్దరు జవాన్లను పంపాడు. నన్నూ నాన్ననూ ట్యాంకరు పక్కన కూర్చోమన్నాడు. ఒక జవాను మా వెనుక నిలబడ్డాడు. ఎర్రజెండా లేచింది.

ఆ ఆరింటిలో ఒక్కటి తప్పు పోయినా నాన్న మాట అబద్ధం. అప్పుడు దయ అన్న మాటను ఎవరూ వినరు. నాకు అది తెలుసు. నాన్నకూ తెలుసు. ఒక్కో తుపాకీకి అయిదు గుళ్ళు. ప్రతి గుండుకూ నాన్న భుజం అదురుతోంది. రెండేళ్ళుగా ఆ శబ్దాల కిందే కూర్చున్న మనిషి. ఎప్పుడూ అదిరి ఉండడు.

నాలుగో తుపాకీ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఉస్తాద్ వాకీటాకీలో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఏదో మళ్ళీ కాల్చమంటున్నాడు. నేను నాన్న మొహంలోకి చూశాను. నిజం చెప్పు, ఇంకొకటి కూడా మార్చావా అని అడగాలనిపించింది. అడగలేదు. కానీ నేను అలా చూడడం ఆయనకు తెలిసింది.

"లేదు బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఒక్కటే."

అయిదోది. ఆరోది. జెండా దించారు. ఉస్తాద్ కాగితాలు చుట్ట చుట్టుకుని వచ్చేసరికి పొద్దు గుట్ట మీదికి వాలింది.

"ఆరూ సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు. "నాలుగోది కాల్చినవాడి చెయ్యి అదిరింది. రెండోసారి సరిపోయింది." నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "జోయెల్, నువ్వు అబద్ధమాడలేదు. కానీ నేను నిన్ను మళ్ళీ ఆ కందకంలో కూర్చోబెట్టలేను. అర్థమైందా? నీ కర్ర ఎక్కడ చూపించినా నాకు అనుమానమే వస్తుంది."

"అర్థమైంది సార్."

"ఈ పిల్ల ఇవాళ రాకపోతే ఉదయ్ రేపు ఈ గన్నుతోనే అడవికి పోయేవాడు. మిగతా ఆరుగురూ వాణ్ణి నమ్ముకుని పోయేవాళ్ళు." ఇంకేదో అనబోయి మానేశాడు. ఆఫీసులో ఏదో కాగితం రాసి నాన్న చేత సంతకం పెట్టించుకున్నారు. ఆధార్ కార్డు ఫోటో తీసుకున్నారు. శనివారం మళ్ళీ ఒకసారి వచ్చి పెద్దసారుకు చెప్పి పొమ్మన్నారు.

గేటు దగ్గర ఉదయ్ భాస్కర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతన్ని టీంలోంచి తీసేశారు. అతని తుపాకీ బాగయ్యేసరికి మిగతావాళ్ళు వెళ్ళిపోతారు. నాన్న ఆగి, "బాబు, అమ్మగారికి…" అన్నాడు. అతను వినిపించుకోనట్టు ఫోనులోకి చూసుకున్నాడు. ఈసారి బాబాయ్ అనలేదు.

మేము రోడ్డెక్కాం. నాన్న ముందు, నేను వెనుక. ఊరి లైట్లు కనిపించేదాకా నడిచాం. తర్వాత నడక ఆపకుండానే అడిగాడు.

"నన్ను అటోళ్ళ మనిషి అని ఎప్పటినుంచి అనుకుంటున్నవ్?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్న మేకు చూశాకనే అని చెప్పొచ్చు.

"బుధారం నుంచి," అన్నాను.

"బుధారం రాత్రి నాకు అన్నం పెట్టినవ్ గద."

"పెట్టిన."

"మనసుల గట్ల అనుకునే పెట్టినవా?"

"అనుకునే పెట్టిన నాన్న. రెండోసారి కూడ వడ్డించిన."

నాన్న ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చీకటి పడుతోంది, మొహం సరిగ్గా కనిపించలేదు. కోపమో, నవ్వో నాకు తెలియలేదు. తర్వాత ఆయన నా కోసం కొంచెం పక్కకు జరిగాడు, ఇద్దరం పక్కపక్కన నడిచేంత. నేను వెళ్ళి ఆ పక్కన నడిచాను.